వేటమండపం ఊరికి ఎంత దూరం?



ఫ్రాన్స్ దేశపు పల్లెసీమలలో అక్కడక్కడ తలెత్తే వివాదం ఒకటి ఉంది. ఊరి వేటగాళ్ళ సంఘం తన సభ్యుల కోసం ఒక సమావేశ గృహాన్ని నిర్మించుకోదలుస్తుంది. గ్రామ పాలకవర్గం స్థలం చూపుతుంది. ఆ స్థలానికి ఆనుకొని కాపురముంటున్న కుటుంబాలు వద్దంటాయి. వారి భయాలు సామాన్యమైనవి, అర్థం చేసుకోదగినవి. సెలవునాడు తెల్లవారకముందే వాహనాల సందడి, వేటకుక్కల మొరుగుడు, చంపి తెచ్చిన పందిని, దుప్పిని వేలాడదీసి చర్మం ఒలిచే గది, ఆ వ్యర్థాల దుర్గంధం, సాయంకాలం విందులు, మద్యపానం. వీటన్నిటినీ మించి, పిల్లలు ఆడుకునే దారిలో తుపాకులు పట్టుకొని తిరిగే మనుషులు.

ఈ సంగతి విన్న ఆస్తికులు సాధారణంగా రెండు విధాలుగా స్పందిస్తారు. మాంసమే నిత్యాహారమైన దేశంలో వేటకు అభ్యంతరమేమిటని కొందరు ఆశ్చర్యపడతారు. మన దేశంలో వేటను ఎన్నడో నిషేధించుకున్నాం, ఆ బాధ మనకు లేదని మరికొందరు సంతృప్తి చెందుతారు. రెండూ తొందరపాటు మాటలే. ఆ గ్రామస్థుల ప్రశ్న ఆహారాన్ని గూర్చినది కాదు, నివాసాన్ని గూర్చినది. గృహస్థులు కాపురముండే చోట ఆయుధవినోదానికి తావు ఉన్నదా? ఉంటే ఆ తావును ఎవరిని అడిగి కల్పించాలి? ఆర్మూరు ప్రాంతంలో పసుపు పండించుకునే మెండోర రైతుకు కూడా ఈ ప్రశ్న పరాయిది కాదు. మన వాఙ్మయానికి అసలే కాదు.

కాళిదాస మహాకవి అభిజ్ఞాన శాకుంతలం ప్రారంభమయ్యేదే ఇటువంటి అభ్యంతరంతో. దుష్యంత మహారాజు రథంపై లేడిని తరుముకుంటూ వస్తాడు. బాణం సంధించి ఉంటుంది. అప్పుడొక వైఖానస తపస్వి శిష్యులతో కూడా అడ్డువచ్చి చేయెత్తుతాడు. ఇది ఆశ్రమమృగం, దీనిని చంపరాదు అంటాడు. రాజు మారుమాట లేకుండా బాణాన్ని ఉపసంహరిస్తాడు. ఈ ఘట్టాన్ని కావ్యసౌందర్యం కోసం చదివేవారే ఎక్కువ. ధర్మనిర్ణయం కోసం చదివితే ఇందులో గమనించవలసిన విషయాలు చాలా ఉన్నాయి.

ఆ అరణ్యం ఎవరిది? రాజుది. వేటాడే అధికారం ఎవరికి ఉంది? రాజుకే ఉంది. తపస్వి చేతిలో ఏ పత్రమూ లేదు, ఏ శాసనమూ లేదు. అతనికున్న అర్హత ఒక్కటే, అతడు అక్కడ నివసిస్తున్నాడు. ఆ ఒక్క అర్హతనే చక్రవర్తి అంగీకరించాడు. పైగా ఆ తపస్వి భూమండలమంతటా వేటను మాన్పించమని కోరలేదు. మృగయ పాపమా పుణ్యమా అన్న శాస్త్రచర్చకు దిగలేదు. మా ఆశ్రమం ఉన్న చోట వద్దు అన్నాడు, అంతే. తన గడపను, తన్ను నమ్ముకొని ఆ గడప చుట్టూ తిరిగే ప్రాణిని కాపాడుకొనడానికి ఎంత మాట అవసరమో అంతే మాట్లాడాడు. ఫ్రాన్స్ గ్రామస్థుడు అడుగుతున్నది కూడా దాదాపు ఇంతే.

రెండవ అంకంలో మరొక విశేషం ఉంది. సేనాపతి వేటను పొగుడుతాడు. దేహానికి వ్యాయామం, లక్ష్యశుద్ధి, ఉత్సాహం అని దాని గుణాలు వల్లిస్తాడు. ఇవి నేటి వేటగాళ్ళ సంఘాలు చెప్పే మాటలకు భిన్నమైనవి కావు. రాజు వాటిని ఖండించడు. అయినా వేటను ఆపించి, తన సైనికులు తపోవనానికి ఇబ్బంది కలిగించకుండా చూడమని ఆజ్ఞాపిస్తాడు. వేటలో గుణమున్నదని ఒప్పుకున్నంత మాత్రాన, ఇతరుల నివాసం పక్కన దానిని సాగించే హక్కు సిద్ధించదు. నేటి వాదప్రతివాదాలలో జనం ఎక్కువగా తడబడేది ఈ చోటనే. వేట మంచిదని నిరూపిస్తే వేటమండపం మా ఇంటి పక్కనే ఉండాలని నిరూపించినట్లు వేటగాళ్ళు భావిస్తారు. వేట చెడ్డదని నిరూపించకపోతే తమ వాదం వీగిపోతుందని గ్రామస్థులు భయపడతారు. ఇద్దరూ అనవసరంగా శ్రమపడుతున్నారు.

ఇక భయం సంగతి. తుపాకీ ఇంటి సమీపానికి వస్తే ఏమవుతుందో ఆ దేశం 2020 డిసెంబరు 2న చూసింది. నైరుతి ఫ్రాన్స్‌లోని లోట్ జిల్లా, కాల్విన్యాక్ గ్రామంలో 25 ఏళ్ళ యువకుడు తన ఇంటి దగ్గర కట్టెలు కొట్టుకుంటున్నాడు. వేటగాడొకడు ఆ కదలికను చూసి అడవిపంది అనుకున్నాడు. కాల్చాడు. ఆ యువకుడు మరణించాడు.

ఈ వార్త చదివిన తెలుగువాడికి సరయూ తీరం గుర్తుకు రాకుండా ఉంటుందా? వర్షాకాలపు రాత్రి. యువరాజైన దశరథుడు శబ్దవేధి విద్యపై గర్వంతో నదీతీరాన పొంచి ఉన్నాడు. నీటిలో కుండ మునిగిన శబ్దం ఏనుగు ఘీంకారంలా తోచింది. బాణం వదిలాడు. అంధులైన తల్లిదండ్రుల కోసం నీళ్ళు తీసుకొనిపోవడానికి వచ్చిన కుమారుడు ఆ బాణానికి కూలిపోయాడు. దశరథుడు క్రూరుడు కాడు. మహర్షి అతన్ని క్రూరునిగా చిత్రించలేదు. అతని దోషమంతా ఆ స్థలంలో ఉంది. నీటిరేవు జంతువులు మాత్రమే వచ్చే చోటు కాదు, మనుషులు కూడా వచ్చే చోటు. అటువంటి చోట శబ్దాన్ని నమ్మి బాణం వేయడమే అపరాధం. దశాబ్దాల తరువాత, రాముడు అడవికి వెళ్ళాక, మరణశయ్యపై కౌసల్యతో ఆ సంగతి చెప్పుకొని కుమిలిపోయాడు.

ఇది ఒక్క కథ కాదు. పాండురాజు లేళ్ళ జంట అనుకొని కొట్టినది మృగరూపంలో ఉన్న కిందమ మహర్షిని. యాదవకులం అంతరించిన వేళ జరుడనే వేటగాడు లేడి అనుకొని గురిపెట్టినది శ్రీకృష్ణ పరమాత్మ పాదానికి. పరీక్షిత్తు వేటలో అలసి, దప్పికతో శమీకమహర్షి ఆశ్రమంలోకి వచ్చి ఆయన మెడలో మృతసర్పాన్ని వేశాడు. ఇతిహాస పురాణాలలో వేట అనగానే ఏదో ఒక పొరపాటు వెంటపడి వస్తున్నది, ఆ పొరపాటుకు వంశాలు బలైపోతున్నవి. ఋషులు ఈ విషయాన్ని ఇన్నిసార్లు చెప్పారంటే, ఆ కాలంలో కూడా అడవి అంచుల్లో కాపురమున్నవారికి ఇది నిత్యభయమై ఉండాలి. ఫ్రాన్స్‌లో 2021–22 వేటకాలంలో అధికారికంగా నమోదైన ప్రమాదాలు 90. చనిపోయినవారు 8 మంది, వారిలో ఇద్దరు వేటతో సంబంధం లేనివారు. సంఖ్య చిన్నదని వేటసంఘాల వాదన. పోయినది తన ఇంటి బిడ్డ అయినవారికి ఆ సంఖ్యతో పనిలేదు.

మనుస్మృతి కామజవ్యసనాలు పదింటిని లెక్కించేటప్పుడు మృగయను మొట్టమొదట చెప్పింది. వాటిలో మిక్కిలి కష్టమైన నాలుగింటిలో కూడా దానిని చేర్చింది. కౌటిల్యుడు కొంత మెత్తబడి, జూదంతో పోల్చినప్పుడు వేటలో వ్యాయామాది గుణాలు ఉన్నాయని ఒప్పుకున్నాడు. అయినా ఆయన కూడా దానిని వ్యసనాల ప్రకరణంలోనే చర్చించాడు. ఇక్కడ ఒక భేదాన్ని జాగ్రత్తగా గ్రహించాలి, లేకపోతే అపచారం జరుగుతుంది. వ్యసనమైన వేట వేరు, వృత్తియైన వేట వేరు. బోయవాడైన తిన్నడు కాళహస్తీశ్వరునికి కన్నులిచ్చి కన్నప్ప అయ్యాడు. మిథిలానగరంలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుని వద్దకు కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం నేర్చుకొనడానికి వెళ్ళాడు. నల్లమల చెంచులను నరసింహస్వామి అత్తవారుగా చేసుకున్నాడు. వేటతో జీవించేవారిని మన సంప్రదాయం ఎన్నడూ తక్కువ చేయలేదు. చేసినవారు సంప్రదాయం తెలియనివారు. నింద అంతా, కడుపు నిండి ఉండి కేవలం వినోదం కోసం వింటిని ఎత్తేవాడిపైనే.

ఫ్రాన్స్ వేటగాడు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాడు? న్యాయంగా చెప్పాలంటే రెండింటికీ మధ్య. విప్లవానికి పూర్వం ఆ దేశంలో వేట ప్రభువుల ప్రత్యేకాధికారం. వారి వేటజంతువులు రైతు పైరును తొక్కినా రైతు నోరెత్తరాదు. 1789 ఆగస్టు 4 రాత్రి ఆ అధికారాలను రద్దు చేసినప్పుడు, వేటాడే హక్కు సామాన్యునికి స్వాతంత్ర్య చిహ్నమయింది. తాతలు పోరాడి తెచ్చుకున్న హక్కు అన్న భావం పల్లెలలో ఇప్పటికీ బలంగా ఉంది. వేటగాళ్ళ సంఖ్య పది లక్షలకు అటు ఇటుగా ఉంటుంది. ఏటా 7 లక్షలకు పైగా అడవిపందులను వారు చంపుతున్నారు. ఆ పందులు పైరుకు చేసే నష్టానికి రైతులకు పరిహారం చెల్లించే బాధ్యతను కూడా చట్టం వేటగాళ్ళ సమాఖ్యల మీదనే ఉంచింది. కనుక వారంతా దుర్మార్గులని తేల్చివేయడం ధర్మం కాదు.

అయితే అదే దేశపు చట్టంలో ఒక అంకె ఉంది. 1964లో చేసిన చట్టం ప్రకారం ఊరి వేటసంఘాలు చిన్న రైతుల భూములన్నిటినీ కలిపి వేటకు వాడుకోవచ్చు. కాని నివాసగృహం చుట్టూ 150 మీటర్ల వరకు ఉన్న భూమి ఆ హక్కులోనికి రాదు. ఇల్లు అనేదానికి ఒక పరిధి ఉన్నదనీ, ఆ పరిధిలో వేటసంఘానికి అధికారం లేదనీ చట్టమే ఒప్పుకున్నది. మనసు ఒప్పక తమ భూమిలో వేట వద్దన్న యజమానుల పక్షాన 1999 ఏప్రిల్ 29న యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ మరుసటి సంవత్సరమే, మనస్సాక్షిని కారణంగా చూపి భూమిని వేటనుండి తప్పించుకునే వీలు చట్టంలో చేరింది. తుపాకీ పేల్చడానికే ఇంటినుండి ఇంత దూరం నిర్ణయించిన దేశంలో, తుపాకులు చేరే గృహాన్ని ఇళ్ళ పక్కన కట్టడం ఏ తర్కానికి నిలుస్తుంది? గుండు పేలే చోటు వేరు, విశ్రమించే చోటు వేరు అని సంఘాలు సమాధానం చెప్పవచ్చు. ఇంటివారి అనుభవంలో రెండూ ఒకటే. ఆ ఇల్లాలి కిటికీలోంచి కనబడేది చట్టంలోని నిర్వచనం కాదు కదా.

మన ఆలయ సంప్రదాయంలో వేటమండపం లేదా అని అడిగేవారు ఉంటారు. ఉన్నది. దాని పేరే పారువేట మండపం. కనుమనాడు తిరుమలలో మలయప్పస్వామివారు ఊరేగింపుగా పాపవినాశనం మార్గంలోని పారువేట మండపానికి వేంచేస్తారు. అక్కడ ఆరాధన, నివేదన జరుగుతాయి. స్వామి తరఫున అర్చకులు ఆయుధప్రయోగాన్ని అభినయిస్తారు. ఏ ప్రాణికీ హాని జరగదు, స్వామి మరల ఆలయానికి చేరుకుంటారు. ఆగమజ్ఞులైన పెద్దలు ఈ ఉత్సవాన్ని దుష్టశిక్షణకు సంకేతంగా చెబుతారు. ఆ అర్థం అలా ఉండగా, మండపం ఉన్న స్థలాన్ని చూడండి. మాడవీధుల్లో లేదు. భక్తులు కాపురముండే చోట లేదు. అడవి దారిలో ఉంది. జగన్నాథుడు, తలచుకుంటే ఎక్కడైనా మండపం కట్టించుకోగలవాడు, వేటవినోదానికి మాత్రం ఊరు దాటి వెళుతున్నాడు.

అహోబిలంలో ఇంకా విశేషం. కనుమనాడు మొదలయ్యే పారువేటలో జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదుడు పల్లకిలో బయలుదేరి సుమారు నలభై రోజులపాటు చుట్టుపక్కల పల్లెలలో సంచరిస్తారు. అహోబిల మఠం మొదటి జీయరు శ్రీ ఆదివణ్ శఠగోప యతీంద్రుల కాలం నుండి ఇది సాగుతున్నదని సంప్రదాయం. పేరుకు వేట, జరిగేది పిలుపు. తన కల్యాణోత్సవానికి రమ్మని స్వామి స్వయంగా ఊరూరా వెళ్ళి చెంచులను, రైతులను ఆహ్వానిస్తాడు. స్వామి ఊరిలోకి వచ్చేది అతిథిగా. ఆ ఊరివారు తెలుపుమీద పల్లకి దింపి, తమ శక్తికొద్దీ పూజించి సాగనంపుతారు. వేట పేరిట ఊరిలోకి ప్రవేశించడానికి మన దేవుడు ఎన్నుకున్న పద్ధతి ఇది.

మనకు ఆ బాధ లేదన్న సంతృప్తిని ఇప్పుడు కొంచెం పరిశీలించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించిన మాట నిజం. కాని ఆ చట్టం వచ్చేనాటికి మన సంస్థానాధీశులు చేయవలసిన విధ్వంసం చేసే ఉన్నారు. దేశంలో మిగిలిన చివరి చీతాలు మూడింటిని 1947లో కొరియా సంస్థానాధీశుడు కాల్చి చంపాడని చెబుతారు. 1952లో ఆ జాతి దేశంలో అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఇంత దూరం ఎందుకు, కామారెడ్డి–మెదక్ సరిహద్దులోని పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. హైదరాబాదులోని హరిణ వనస్థలి కూడా అంతే. నేడు పిల్లలు జింకలను చూడడానికి వెళ్ళే చోట్లు నిన్న వాటిని చంపడానికి దాచి ఉంచిన చోట్లు. ఆ రోజుల్లో ప్రభుత్వోద్యోగులు పర్యటనకు వస్తే వెట్టి చేయవలసిన పల్లెజనం, మా ఊరి పక్కన వేట వద్దు అని అనగలిగేవారా? ఫ్రాన్స్ రైతు 1789లో వదిలించుకున్న దానిని ఇందూరు రైతు 1948 దాకా మోశాడు.

నేడు కూడా ప్రశ్న తీరలేదు. మెండోరకు దగ్గరలోనే పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరామసాగరం ఉంది. వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు బయటపడే గడ్డిమైదానాలలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. కృష్ణసారమృగం సహజంగా సంచరించే భూమి యజ్ఞార్హమని ధర్మశాస్త్రం చెప్పింది. అంటే ఈ గోదావరీతీరం పుణ్యభూమి అని చెప్పడానికి వేరే ప్రమాణం అక్కరలేదు, ఆ జింక అడుగుజాడలే ప్రమాణం. ఉపనయనవేళ వటువుకు కృష్ణాజినాన్ని ధరింపజేసే మంత్రాలు చదివే ప్రాంతంలో, ఆ మృగాన్నే చాటుగా చంపి మాంసం అమ్ముకునేవారు ఉండడం సిగ్గుచేటు. చట్టం పట్టుకుంటే శిక్షిస్తుంది, నిజమే. పట్టుకోవడానికి ముందు ఊరు ఆ సంగతి ఎరిగే ఉంటుంది. దుష్యంతుని ముందు చేయెత్తిన తపస్వి రాజభటుల కోసం ఎదురుచూడలేదు.

అడవిపందుల విషయం వేరు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలలో మొక్కజొన్న చేలను రాత్రికి రాత్రి పందులు పాడుచేస్తే ఆ నష్టం ఎంతటిదో మంచెపై జాగారం చేసిన రైతుకే తెలుసు. పైరును కాపాడుకొనడం కృషిధర్మంలో భాగం. దానికి ప్రభుత్వానుమతితో చేసే ఏర్పాటు వ్యసనం కిందికి రాదు. కాని చేను చుట్టూ దొంగతనంగా విద్యుత్ తీగలు పరిచేవారు దశరథుని కంటే అధములు. దశరథుడు కనీసం శబ్దమైనా విన్నాడు. తీగ ఏమీ వినదు. తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్కచేను రైతు ఆ తీగ తగిలి పడిపోయిన ఉదంతాలు తెలంగాణలో ఏటా వినవస్తూనే ఉన్నాయి. మనుషులు నడిచే చోట మారణసాధనం ఉంచరాదన్న నియమం తుపాకీకి ఎంత వర్తిస్తుందో తీగకూ అంతే వర్తిస్తుంది.

అసలు విషయం అడగడం దగ్గర ఉంది. వరాహమిహిరాచార్యుని బృహత్సంహితలో వనసంప్రవేశాధ్యాయం ఉంది. విగ్రహం చెక్కడానికి కొయ్య కావాలి; దానికోసం చెట్టు కొట్టాలి. దైవకార్యమే కదా అని గొడ్డలి పట్టుకొని పోవడానికి వీలులేదు. ముందురోజు రాత్రి ఆ వృక్షాన్ని పూజించి, బలి సమర్పించి, ఈ చెట్టులో నివసించే భూతములారా, ఈ పూజ స్వీకరించి దయచేసి వేరొక నివాసం కల్పించుకోండి, మమ్మల్ని క్షమించండి అని ప్రార్థించాలి. మరునాడే గొడ్డలి. నేటికీ ఇల్లు కట్టేవారు, గుడి కట్టేవారు భూమిపూజలో అక్కడి భూతాలను ప్రార్థించి తొలగమని కోరుతున్నారు. కంటికి కనబడని నివాసుల అనుమతిని కూడా కోరిన జాతి మనది. మరి కంటికి కనబడే నివాసుల సంగతి?

2024లో గోదావరికి ఆవలి ఒడ్డున, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జరిగినది ఇదే. దిలావర్‌పూర్, గుండంపల్లి గ్రామాల మధ్య ఇథనాల్ కర్మాగారాన్ని నిర్మించ తలపెట్టారు. నీరు, గాలి, పంట పాడవుతాయని చుట్టుపక్కల పల్లెలవారు నెలల తరబడి దీక్షలు చేశారు. నవంబరు 26న నిర్మల్–భైంసా రహదారిపై బైఠాయించారు. మరునాడు పనులు నిలిపివేస్తున్నట్లు జిల్లా యంత్రాంగం ప్రకటించింది. అక్కడ తుపాకులు లేవు, వేటకుక్కలు లేవు. కాని ఆ రైతుల ఆవేదన ఫ్రాన్స్ గ్రామస్థుల ఆవేదనకు సహోదరి. మా ఇళ్ళ పక్కన ఏమి రాబోతున్నదో మాకు చివరగా ఎందుకు తెలియాలి? భూమిపూజలో భూతాలకు దక్కే మర్యాద మాకు ఎందుకు దక్కకూడదు?

దిలావర్‌పూర్‌లో ఆ రోజు ఒక రెవెన్యూ అధికారి వాహనాన్ని గంటల తరబడి కదలనీయలేదు. అది తగని పని. తపస్వి చేయెత్తాడే కాని దుష్యంతుని గుర్రాల పగ్గాలు పట్టుకోలేదు. అయితే నెలల తరబడి ఎత్తిన చేతిని ఎవరూ చూడకపోతే, ఆ చేయి పగ్గాల మీదికి పోతుంది. ఈ దోషంలో సగభాగం చూడనివారిది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఊరి మాట అన్నంత మాత్రాన అది ధర్మవాక్యం కాదు. ఆర్మూరు ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు గుడులు కట్టించాయి, చెరువులు బాగుచేయించాయి, బొడ్రాయి పండుగలు వైభవంగా జరిపించాయి. అదే కమిటీల పేరిట కొన్ని ఊళ్ళలో కొన్ని కులాలవారిని బహిష్కరించిన ఉదంతాలు కూడా పత్రికలకెక్కాయి. పక్కింటివానికి నిప్పు, నీరు ఇవ్వవద్దని శాసించే ఊరికి, తన పక్కన వేటమండపం వద్దని చెప్పే నైతికబలం ఎక్కడిది? ఆశ్రమంలో తపస్వి మాట చెల్లింది అంటే, ఆ ఆశ్రమంలో లేడికి కూడా అభయం ఉంది కనుక. బలహీనునికి అభయమివ్వని ఊరు బలవంతుని ముందు అభయం కోరితే ఆ మాట పలుచబడుతుంది. ఫ్రాన్స్ పల్లెలలో కూడా ఈ చిక్కు ఉన్నది. పట్టణాల నుండి వచ్చి పల్లెలో ఇల్లు కొనుక్కున్నవారు కోడి కూసినా, గుడిగంట మోగినా ఫిర్యాదు చేస్తారని అక్కడి పాతకాపుల ఆరోపణ. వేటసంఘం మీద అభ్యంతరాన్ని కూడా వారు ఆ జాబితాలోనే చేరుస్తారు. ఇది పూర్తిగా సమంజసం కాదు. కోడికూత ఎవరినీ చంపదు. అయినా కొత్తగా వచ్చినవారు పల్లెను ఎంతగా తమదిగా చేసుకుంటే వారి మాటకు అంత బరువు వస్తుందన్నది కాదనలేని సంగతి.

ఆ దేశంలో ఇంటివారి గోడు ప్రభుత్వం దాకా వెళ్ళింది. కాల్విన్యాక్ మరణం తరువాత, వేటకు కఠిననియమాలు పెట్టాలని, కొన్ని రోజులైనా తుపాకీ మోగకుండా చూడాలని కోరుతూ 2021లో లక్షకు పైగా ప్రజలు అక్కడి ఎగువసభకు విజ్ఞప్తి పంపారు. 2023 జనవరిలో ప్రభుత్వం తన నిర్ణయం ప్రకటించింది. మద్యం సేవించి వేటాడరాదన్నది, శిక్షణ పెంచుతామన్నది. ఆదివారపు విరామం మాత్రం ఇవ్వలేదు. మన పంచాంగంలో ఏకాదశి, అమావాస్య, మాసశివరాత్రి అంటూ ఏదో ఒక నాడు కత్తికి, గొడ్డలికి సెలవు ఇచ్చే ఆచారం ఎన్ని ఇళ్ళలో ఉన్నదో తలచుకుంటే, వారంలో ఒక్కరోజు కోసం లక్షమంది సంతకాలు పెట్టవలసి రావడం విచిత్రంగానే తోస్తుంది.

ఇక వేటగృహాన్ని గూర్చి తేల్చవలసినది స్వల్పమే. అది పైరు రక్షణకు అవసరమైన కట్టడం కాదు. పందిని తరమడానికి విందుగది అక్కరలేదు. సభ్యులు కలుసుకొనడానికి, తినడానికి, తెచ్చిన జంతువును ముక్కలు చేయడానికి ఒక చోటు కావాలి. ఆ అవసరాన్ని కాదనలేము. అది అడవి అంచున తీరుతుంది, ఊరి మధ్యనే తీరవలసిన పని లేదు. ఒకవేళ వేరే స్థలం దొరకదని పాలకవర్గం అంటే, స్థలాన్ని నిశ్చయించకముందే ఆ పక్క ఇళ్ళవారి గడపలకు వెళ్ళి అడగాలి. నిశ్చయించిన తరువాత సభ పెట్టి వినిపించడం అడగడం అనిపించుకోదు. వద్దు అన్న మాటకు అవకాశం ఉన్నప్పుడే దానిని అడగడం అంటారు. ఆ ఇంటివారు వద్దంటే, ఎందుకు వద్దో శాస్త్రప్రమాణాలతో నిరూపించమని వారిని నిలదీయరాదు. కాపురమున్నవాడి భయమే అక్కడ ప్రమాణం.

దుష్యంతుడు బాణం దించిన తరువాత ఏమి చేశాడో చాలామంది గమనించరు. ఆశ్రమానికి అతిథిగా రమ్మని ఆ తపస్వి ఆహ్వానించాడు. రాజు రథాన్ని బయటే నిలిపాడు. తపోవనంలోకి వినీతవేషంతో ప్రవేశించాలంటూ ఆభరణాలను, ధనుస్సును సారథి చేతికిచ్చాడు. తాను తిరిగి వచ్చేలోగా గుర్రాల వీపులు నీటితో తడపమని చెప్పి, ఒంటరిగా, కాలినడకన లోపలికి వెళ్ళాడు.